పట్టు ముక్కలు పారీకు, వాటితో పని ఉంది

ఒసేయ్ పిల్లా,

ఎలాగున్నావే? ఆ పౌచ్ ఫోటో చూసి ఇన్ని వంకర ముక్కలు ఎలా అతికించేవే, నాక్కూడా నేర్పు అన్నావు కదా, అది ఫోన్లో చెప్తే తేలేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తన్నాను. దీన్ని క్రేజీ క్విల్టింగ్ అంటారు. చూడ్డానికి చేతికొచ్చిన ముక్క చేతికొచ్చినట్టు పెట్టీసినట్టే ఉంటాది గానీ ఏ ముక్క పక్కన ఏది రావాలో, ఏ అతుకు మీద ఏ కుట్టు పడాలో అన్నిటికీ ఒక లెక్కుంది, ఆ లెక్క పట్టుబడితే మిగతాదంతా చేతిపనే, నీకు బ్లౌజు హెమ్మింగ్ వచ్చు కాబట్టి భయపడాల్సిందేం లేదు.

మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టేవారు కదా, అది కప్పుకోడానికి. ఇది అలగ కాదు, అచ్చం చూపు కోసం పుట్టింది. 1880ల్లో అమెరికాలో ఆడవాళ్ళకి దీని మీద విపరీతమైన మోజు. అంతకు ముందు 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ అయింది, అక్కడ జపాన్ వాళ్ళ వస్తువులు చూసినవాళ్ళకి ఆ ఒక పక్క నిండుగా ఒక పక్క ఖాళీగా ఉండే అందం తెగ నచ్చీసింది, ఈ మోజుకి ఊపు అక్కణ్ణుంచే వచ్చిందని చెప్తారు. పట్టు, వెల్వెట్, శాటిన్, రిబ్బన్లు, ఇలాంటి ఖరీదైన ముక్కలన్నీ కలిపి కుట్టి హాల్లో సోఫా మీద పరుచుకునేవారు. కప్పుకునేది కాదు కాబట్టి చాలావాటికి మధ్యలో దూది కూడా ఉండదు. మనకి అదే కావాలి, చిన్న పౌచ్‌కి దూదెందుకు చెప్పు.

ముందు ముక్కల సంగతి. నువ్వు కొత్త గుడ్డ ఒక్క మీటరు కూడా కొనకు, నామీదొట్టు. నీ బీరువాలో బ్లౌజులకి మిగిలిన పట్టు ముక్కలు, చిరిగిపోయిన చీర అంచులు, పాప పాత గౌను లేసు, అవన్నీ ఒక సంచిలో వేసి ఉంచు. ఇక్కడ విజయనగరం గంటస్తంభం దగ్గర సందుల్లో టైలర్లకి దసరా ముందు ఊపిరాడదు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారమే కదా, అందరికీ ఆ లోపలే బ్లౌజులు కావాలి. జాతర అయ్యేక వెళ్ళి అన్నా ముక్కలుంటే ఇవ్వండి అని అడిగితే సంచి సంచి ఇచ్చీస్తారు, ఎలాగూ ఊడ్చి పారీసేవే. అందులో ఎన్ని రకాలుంటాయో, జరీ బుటాలు, రా సిల్కు, వెల్వెట్, మెరిసే శాటిన్, ముక్క ముక్కకీ మెరుపు వేరు. ఈ పనికి రంగుల కన్నా ఆ మెరుపులో తేడాయే ప్రాణం, అన్నీ ఒకే రకం కాటన్ ముక్కలైతే ఎంత బాగా కుట్టినా చప్పగా ఉంటాది.

కానీ అన్నీ మెరిసేవే పెడితే కళ్ళు చెదురుతాయి, మధ్యమధ్యలో నిదానంగా ఉండే ముక్క ఒకటి ఉండాలి. నేను దానికి పొందూరు ఖద్దరు వాడతాను. నాన్నగారి పాత పంచె ఒకటి అంచు దగ్గర చిరిగితే అమ్మ దాచింది, దాన్నుంచి తీసుకుంటన్నాను. పొందూరులో ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని మనం చిన్నప్పట్నుంచీ వింటన్నదే కదా, అంత ఓపిగ్గా తయారైన గుడ్డ చిన్న ముక్కైనా చెత్తబుట్టలో వేయడానికి నాకు మనసొప్పదే. ఆ తెల్లటి ముక్క పక్కన ముదురు మెరూన్ వెల్వెట్ పెట్టి చూడు ఒకసారి.

మరీ పాత పట్టు అయితే మాత్రం జాగ్రత్త. మడత దగ్గర వేళ్ళతో లాగి చూడు, పీలికలయ్యేలా ఉంటే వద్దు. ఆ 1880ల నాటి క్విల్టులు కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో చిల్లులు పడిపోయి ఉన్నాయంటే కారణం అదే, అప్పట్లో పట్టుకి బరువు రావాలని లోహపు లవణాలు పట్టించేవారు, అవే పోగుని తినీసేయి. పల్చగా ఉంది గానీ వదల్లేను అనిపించే ముక్కకి వెనక కాన్వాస్ పేస్టింగ్, అదే టైలర్లు కాలర్లకి ఇస్త్రీతో అతికిస్తారే, అందులో అన్నిటికన్నా పల్చటిది అతికించు. ముదురు రంగులుంటే తడి గుడ్డతో రుద్ది చూడు, రంగు దిగితే ఆ ముక్క పక్కన పడీ.

ఇప్పుడు అడుగు గుడ్డ. ముక్కలన్నీ దీని మీదే కుట్టాలి, బయటికి కనబడదు గానీ మొత్తం దీని మీదే నిలబడతాది. బ్లౌజు లైనింగ్ గుడ్డ చాలు, నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేసి వాడు, లేకపోతే తర్వాత ముడుచుకుపోతాది. పౌచ్ 7 అంగుళాలు, 5 అంగుళాలు అనుకో, అడుగు గుడ్డ ఎనిమిదిన్నర, ఆరున్నర కత్తిరించు, ఎంబ్రాయిడరీ పడ్డాక గుడ్డ దగ్గరికి లాగీసుకుంటాది, అందుకే చుట్టూ వదులు ఉండాలి.

మొదటి ముక్క అయిదు మూలలు ఉండేలా కత్తిరించు, రెండంగుళాల వెడల్పు ఉంటే చాలు, భుజాలు సమానంగా ఉండకూడదు. దాన్ని అడుగు గుడ్డకి సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి, మంచివైపు పైకి ఉండేలా పెట్టి గుండుసూది గుచ్చు. రెండో ముక్కని దాని మీద బోర్లా, అంటే మంచివైపు మంచివైపుకి తగిలేలా, ఒక అంచు కలిపి పెట్టి, పావు అంగుళం లోపలికి కుట్టు వేసి, ఇప్పుడా ముక్కని బయటికి తిప్పి వేలితో నొక్కి ఇస్త్రీ చెయ్యి. అంతే, కుట్టు లోపల దాగిపోతాది. మూడో ముక్క మొదటిదాని పక్క భుజం మీద, రెండోదాని కొస కూడా కలుపుకుని రావాలి. అలా ఒకే దిక్కుగా చుట్టూ తిరుగుతూ వెళ్ళు, కొత్త ముక్క వచ్చినప్పుడల్లా పాత ముక్కల కొసలు దాని కిందకి పోతాయి. తిప్పిన ప్రతిసారీ కింద ఎక్కువైన గుడ్డ కత్తిరించీ, ముఖ్యంగా జరీ ముక్క అయితే, లేకపోతే అక్కడ లావుగా గుట్టలా తయారై సూది దిగదు. చేత్తో అయినా కుట్టొచ్చు, మిషన్ అయితే తొందరగా అయిపోతాది.

ఒక్కోచోట ఇరుక్కుంటావు, రెండు ముక్కల మధ్య లోపలికి పోయిన సందు వస్తాది, అక్కడ తిప్పి కుట్టడం కుదరదు. కంగారు పడకు, ఆ ముక్క అంచు మడిచి పైనుంచి పెట్టి హెమ్మింగ్ చేసీ, ఎలాగూ దాని మీద ఎంబ్రాయిడరీ వస్తాది కాబట్టి ఎవరికీ తెలీదు. లేదా ఒక లేసు ముక్కో రిబ్బనో వేసీ. ప్రింటు పక్కన ప్రింటు పెట్టకు. ఒక రంగు ఒకచోట వాడితే అదే రంగు ఇంకో రెండు చోట్ల, త్రిభుజం మూలల్లా దూరంగా వచ్చేలా చూసుకో, అప్పుడు కన్ను ఒకచోటే ఆగిపోదు. ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడు, రెండు పక్క ముక్కలు ఒకే బూడిద రంగులో కనబడ్డాయంటే ఒకటి మార్చాలన్నమాట. ఇది చాలా పనికొచ్చే చిట్కా.

ఇంక అసలు ముచ్చటంతా ఇక్కడుంది, అతుకుల మీద ఎంబ్రాయిడరీ. నన్నడిగితే ముక్కలు కలపడం ఈ కుట్ల కోసమే. యాంకర్ ఎంబ్రాయిడరీ దారం లచ్చీలో ఆరు పోగులుంటాయి కదా, రెండో మూడో విడదీసి మూరెడు పొడుగు మించకుండా తీసుకో, పొడుగైతే చిక్కులు పడతాది, దారం మెరుపు కూడా పోతాది. మొదలు ఫెదర్ స్టిచ్‌తో పెట్టు. అతుకు గీత పైనుంచి సూది పైకి తియ్యి, దారాన్ని ఎడమ బొటనవేలితో కిందకి పట్టుకో, గీతకి కుడివైపు కాస్త దూరంలో సూది దించి గీత మీదకి ఏటవాలుగా పైకి తియ్యి, దారం సూది కింద ఉండాలి, లాగితే వి ఆకారం పడతాది. తర్వాతది ఎడమవైపు నుంచి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కిందకి దిగుతూ పో. కాసేపటికి చెయ్యి దానంతటదే పోతాది, చిన్న కొమ్మ ఒకటి అతుకు పొడుగునా మొలుచుకొస్తాది. దారం బిగించి లాగకు, గుడ్డ ముడతపడీకుండా వదులుగా ఉండనీ. దూరం సమానంగా రావడానికి మార్కింగ్ చాక్‌తో అటూ ఇటూ సన్నటి గీత గీసుకో, నేనైతే ఇప్పటికీ గీస్తాను.

ఆ కొమ్మ చివర్లలో లేజీ డైజీతో, అంటే విడివిడిగా వేసే గొలుసు కుట్టుతో ఆకులు, ఫ్రెంచ్ నాట్‌తో, అంటే సూదికి దారం చుట్టి వేసే ముడితో మొగ్గలు పెట్టీ, ఒక్క అతుకుకే ఎంత నిండుతనం వస్తాదో చూడు. తర్వాత హెరింగ్‌బోన్, గొలుసు కుట్టు, కాజా కుట్టు, నీకు వచ్చినవి వరసగా వేసుకుంటూ పో. ఒక అతుకుకి ఒక కుట్టు, పక్క అతుకుకి వేరేది. దారం రంగు ముక్కల్లో కలిసిపోకుండా ముదురు ముక్క మీద లేతది, లేత ముక్క మీద ముదురుది వెయ్యి.

ఖాళీగా ఉన్న పెద్ద ముక్కల్లో ఏదో ఒక బొమ్మ వేస్తారు. ఆ పాత క్విల్టుల్లో సాలెగూడు తెగ కనబడతాది, అదృష్టం తెస్తాదని కుట్టేవారట. నేను దాని బదులు ముగ్గు వేసాను. నాలుగు చుక్కలు, నాలుగు వరసలు, చుక్కలన్నీ ఫ్రెంచ్ నాట్లు, చుట్టూ తిరిగే మెలిక కాడ కుట్టుతో తెల్ల దారం రెండు పోగులు, కింద ముదురు ఆకుపచ్చ రా సిల్కు. ఫోటోలో నువ్వు అంత మెచ్చుకున్నది అదేనే. మెలిక తిరిగే దగ్గర కుట్టు చిన్నది చేసుకోవాలి, పెద్ద కుట్టు వేస్తే వంపు విరిగినట్టు ఉంటాది. సంక్రాంతికి అమ్మ పెట్టే ముగ్గుల పుస్తకం ఉంటాది కదా మీ ఇంట్లో, దాన్నుంచి చిన్నవి ఏరుకో.

పూసలు, చమ్కీలు, గుండీలు అన్నిటికన్నా ఆఖర్న. పౌచ్ కొలత అంచుకి అరంగుళం లోపలికే ఉంచు, లేకపోతే పౌచ్ కలిపేటప్పుడు మిషన్ సూది పూస మీద పడి విరిగిపోతాది. ఫ్రేమ్ బిగించి కుడితే పని ఆపగానే విప్పీ, వెల్వెట్ మీద రింగు అచ్చు పడితే పోదు.

కుట్లన్నీ అయ్యేక తువ్వాలు పరిచి దాని మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీ చెయ్యి, వేడి తక్కువ పెట్టు, జరీ ఉంది. అప్పుడు కొలత వేసి చుట్టూ కుట్టుకి పావు అంగుళం వదిలి మిగిలింది కత్తిరించు, ముందే కత్తిరిస్తే కొలత తప్పుతాది. లైనింగు, జిప్పు నీకు తెలిసిన పనే. ఉతకడం మాత్రం వద్దు, దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడువు.

మొదటిసారికి పౌచ్ కూడా పెద్దది అనిపిస్తే గుండుసూదుల దిండు చెయ్యి, నాలుగంగుళాల చదరం, అయిదారు ముక్కలు చాలు, లోపల దూది బదులు చిన్న చిన్న పేలికలు కూరీయొచ్చు. దుప్పటి ఆలోచన ఇప్పుడే పెట్టుకోకు. ఈ కవర్లో కొన్ని ముక్కలు పెడుతున్నాను, రెండు వెల్వెట్, ఒక పొందూరు ముక్క, కంచి అంచు ఒకటి, అడుగు గుడ్డ కూడా తడిపి ఆరేసిందే. అయిదు మూలల ముక్క నువ్వే కత్తిరించుకో. ముక్కలన్నీ కలిపేక ఎంబ్రాయిడరీ మొదలెట్టే ముందు నాకు ఫోటో పెట్టు, రంగులు చూసి దారాలు ఏవి తీసుకోవాలో చెప్తాను, ఇక్కడ దొరికేవి అక్కడ దొరక్కపోతే అవి కూడా పంపిస్తాను.

ఉంటానే మరి. అత్తయ్యగారిని అడిగినట్టు చెప్పు.

నీ నేస్తం