బడికి తాళం వేస్తే సెలవులిచ్చినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో తల్లిదండ్రులు పాటించాల్సిన పది సూచనలంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చింది చదివి పది రోజులు దాటింది. ఆవకాయ పనుల్లో పడి ఇప్పటిదాకా కలం పట్టలేదు. కాయలు కడిగి, తుడిచి, ముక్క కొట్టించేసరికి కోపం చల్లారుతుందేమో అనుకున్నాను. చల్లారలేదు.

పిల్లలకు టైమ్‌టేబుల్ వెయ్యమన్నారు. రోజూ అరగంట చేతిరాత, వారానికో కొత్త హాబీ, సాయంత్రాలు తల్లి పిల్లలతో 'నాణ్యమైన సమయం' గడపాలట. పదిలో ఎనిమిది తల్లి చెయ్యాలి. మిగిలిన రెండూ ఏసీ ఉన్న ఇంట్లో చెయ్యాలి. బడివాళ్లకు గానీ మున్సిపాలిటీకి గానీ ఒక్క సూచన లేదు.

మా మనవరాలు మూడో తరగతి అయింది. ఏప్రిల్ 23న చేతిలో ప్రోగ్రెస్ కార్డు పెట్టి ఇంటికి పంపేశారు. 24న ఎవరూ లేపకుండానే అయిదున్నరకు లేచి కూర్చుంది. వ్యాను రాదని తెలుసు, అయినా రెండుసార్లు గేటు దాకా వెళ్లొచ్చింది. పదిన్నరకు నేను పప్పు తాలింపు వేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చిటికెన వేలు చూపించింది. "ఏంటే?" అన్నాను. "వెళ్లనా అమ్మమ్మా?" అంది. సొంత ఇంట్లో ఒంటికి వెళ్లడానికి పర్మిషను! వారం రోజులు అదే వరస. పొద్దుగూకేసరికి ఊరికే ఏడుపు, తమ్ముణ్ణి గిల్లడం. ఆఫీసు నుంచి ఏడింటికి ఉసూరుమంటూ వచ్చే మా అమ్మాయికి ఆ ఏడుపంతా తన తప్పే అనిపిస్తుంది. మీ పది సూచనలు చదివాక మరీను.

వెనకటివాళ్లు ఎండకు జడిసే పెట్టారో, ముందుచూపుతో పెట్టారో గానీ, మార్చి 15 నుంచి నడిచే ఒంటిపూట బడులు పిల్లలకు బడి అలవాటును మెల్లగా వదిలించడానికి బాగా పనికొచ్చేవి. పన్నెండున్నరకు ఇంటికొచ్చి, పెరుగన్నం తిని, మధ్యాహ్నమంతా నీడపట్టున దొర్లి, నెల తిరిగేసరికి పిల్లలు సగం సెలవుల్లోకి వచ్చేసేవాళ్లు. ఇప్పుడా ఉత్తర్వును పాటించేది సర్కారు బడులే. ప్రైవేటు వాళ్లలో చాలామంది దానికి 'స్టడీ అవర్' అని పేరు పెట్టి మూడింటి దాకా కూర్చోబెడుతున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు గదిలో కాఫీ తాగి వెళ్తాడు. వెనక గదిలో పిల్లలు గప్‌చిప్‌గా ఎక్కాలు రాస్తుంటారు.

నేను 31 ఏళ్లు సర్కారు బడిలో పాఠం చెప్పాను. అక్కడి బెంగ వేరు. ఓ ఏడు ఆఖరి పనిదినాన అయిదో తరగతి కుర్రాడు కుళాయి దగ్గర పళ్లెం కడుక్కుంటూ "రేపట్నుంచి గుడ్డు ఉండదా టీచర్?" అన్నాడు. జూన్ 12 దాకా ఉండదురా అన్నాను. అంటే 49 రోజులు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. తమ మండలం కరువు జాబితాలో ఉందో లేదో ఆ కుర్రాడి కడుపుకెలా తెలుస్తుందండీ?

పోనీ సాయంత్రం పిల్లల్ని అలా తీసుకెళ్దామంటే బడి ఆటస్థలానికి తాళం. గ్రంథాలయానికి వెళ్తే పిల్లల పుస్తకాల బీరువాకు తాళం, తాళంచెవి ఉన్నాయన సెలవులో. 1960 నాటి గ్రంథాలయ చట్టం పేరు చెప్పి ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు వసూలు చేస్తూనే ఉన్నారు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్నవాళ్లం, ఇవాళ ఒక బీరువా తాళంచెవికి దిక్కు లేదు! ఇక పిల్లలకు మిగిలింది కాలవ. ఈతకెళ్లి తిరిగిరాని పిల్లల వార్తలు ఏటా మే నెలలో మీ పేపర్లోనే చదువుతున్నాం.

ప్రోగ్రెస్ కార్డు వారం ముందే ఇచ్చేసి ఆఖరి రోజు పిల్లల్ని ఆడుకోనిస్తే బడికి పోయేదేముంది? వచ్చే ఏడు టీచరెవరో ఒకసారి చూపించి పంపినా చాలు, కొత్త క్లాసు టీచరు కొడతారా అని మా పిల్ల ఇప్పటికి పదిసార్లు అడిగింది. ఆ థర్మాకోల్ ప్రాజెక్టులు కూడా ఎత్తేస్తే పుణ్యముంటుంది. చేసేది మేము, ఎ గ్రేడు దానికి. నిరుడు అగ్నిపర్వతం చేశాను, 'నీట్‌గా లేదు' అని రాసి పంపారు.

పోయిన సోమవారం నుంచి మా మనవరాలు వేలు చూపించడం మానేసింది. ఎనిమిదింటి దాకా నిద్రపోతోంది. మామిడి టెంకలు కడిగి మెట్ల మీద ఆరబెట్టి వాటికి పేర్లు పెట్టింది. నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఫోనుకు బడి నుంచి వాట్సాప్ వచ్చింది. నాలుగో తరగతికి వెళ్లేవాళ్లకు మే 20 నుంచి బ్రిడ్జి కోర్సట, రోజుకు మూడు గంటలేనట. పిల్లకు ఇంకా చెప్పలేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా