సాయం చేసినవాణ్ణి ఆపేయమని ఏ చట్టం చెప్పింది?

విషయం: క్షతగాత్రుణ్ణి తీసుకొచ్చిన నా చేత అడ్వాన్స్ కట్టించుకుని, కదలనివ్వకపోవడం గురించి

ఆసుపత్రి యాజమాన్యానికి,

గత ఆదివారం రాత్రి రోడ్డు పక్కన రక్తం కారుతూ పడి ఉన్న ఒక యువకుణ్ణి ఆటోలో మీ ఎమర్జెన్సీకి తీసుకొచ్చాను. అతనెవరో నాకు తెలియదు. ప్రమాదం జరగడమూ చూడలేదు. ఆటో డ్రైవరు మమ్మల్ని దించి, కిరాయి కూడా తీసుకోకుండా "సార్, నా పేరు మాత్రం చెప్పకండి" అని వెళ్ళిపోయాడు. మీ కౌంటర్ సంగతి అతనికి ముందే తెలిసినట్టుంది.

మీ నర్సులు, డ్యూటీ డాక్టరు మారుమాట లేకుండా అతణ్ణి లోపలికి తీసుకెళ్ళి రక్తం ఆపారు. వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. తలకు స్కాన్ రాశాకే మొదలైంది గొడవ. అడ్వాన్స్ కడితేనే స్కాన్‌కి పంపుతామన్నారు. నేను చుట్టాన్ని కాదంటే, "తీసుకొచ్చింది మీరే కదా" అంటూ ఒక ఫారం ముందుకు తోశారు. 'పేషెంటుకు బాధ్యులు' అన్న గడిలో అప్పటికే నా పేరు టైప్ చేసి ఉంది! స్ట్రెచర్ కారిడార్‌లోనే ఆగి ఉంది. ఇక వాదించలేక డబ్బు కట్టి సంతకం పెట్టాను. తర్వాత ఇది ఎంఎల్‌సీ (మెడికో-లీగల్, అంటే పోలీసులకు తెలపాల్సిన) కేసు, పోలీసులు వచ్చేదాకా వెళ్ళకూడదని నా ఆధార్ కార్డు కాపీ తీసి పెట్టుకున్నారు.

మీ లీగల్ విభాగానికి తెలియనివి కావు గానీ, కౌంటర్ దాకా చేరలేదు కాబట్టి రాస్తున్నాను. ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అది ప్రైవేటు డాక్టర్లకూ వర్తిస్తుంది. తీసుకొచ్చినవాళ్ళు కుటుంబసభ్యులు కాకపోతే వాళ్ళను ఆపకూడదని, అడ్మిషన్ ఖర్చులు అడగకూడదని ఉన్న కేంద్ర మార్గదర్శకాలకు అదే కోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, మంచి ఉద్దేశంతో సాయం చేసినవారి మీద, ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగినా సివిల్, క్రిమినల్ చర్యలుండవు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు సహా ఎవరూ బలవంతం చేయకూడదని ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు అంటున్నాయి. పోలీసులకు కబురు పెట్టడం మీ పని, పెట్టండి. దానికి నన్ను కూర్చోబెట్టడం ఎందుకు?

సాయం చేసేవారి హక్కులను ప్రాంతీయ భాషలో కూడా రాసి ప్రవేశద్వారం దగ్గరో, అందరికీ కనిపించే చోటో పెట్టాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీ ద్వారం దగ్గర హెల్త్ చెకప్ ప్యాకేజీల పోస్టర్లున్నాయి. ఈ బోర్డు మాత్రం ఎక్కడా లేదు.

ఆ యువకుడు కోలుకున్నాడు, ఇంటివాళ్ళు బిల్లు మొత్తం కట్టారు. నా అడ్వాన్స్ ఇంకా మీ దగ్గరే ఉంది. అది తిరిగి ఇవ్వండి. నన్ను బాధ్యుడిగా చూపిన ఫారాన్ని రద్దు చేసి, నా ఆధార్ కాపీ తీసేసినట్టు రాసివ్వండి. తెలుగులో బోర్డు పెట్టించండి. ముఖ్యంగా, అడ్వాన్స్ లేనిదే స్కాన్‌కి పంపొద్దని కౌంటర్ సిబ్బందికి ఎవరు చెప్పారో తేల్చండి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి తనంతట తాను పెట్టిన రూలు కాదది.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, రసీదు, ఫారం కాపీ జతచేసి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
(సంతకం)