ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొట్టించడం పొదుపు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద తోలే లారీల ఇంజన్లు ఏళ్లు నిండకుండానే బోరుకు (సిలిండర్లు అరిగి పెద్ద రిపేరుకు) వస్తున్నాయని యజమానులం తరచూ వాపోతుంటాం. డీజిల్‌లో కల్తీ అంటాం, కంపెనీ ఇంజన్‌లో పస లేదంటాం గానీ, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ దగ్గర మనం చేస్తున్న తప్పును మాత్రం ఒప్పుకోం.

ఆ తప్పు నేనూ చేశాను. పొగ నల్లగా వస్తోందని, పికప్ తగ్గిందని డ్రైవరు చెప్పినప్పుడల్లా, కొత్త ఫిల్టర్ కొనకుండా టైర్ల షాపులో గాలి కొట్టించి పాతదే బిగించమనేవాణ్ణి. గత వేసవిలో ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. ఆటోనగర్‌లో మేస్త్రి, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు తిప్పి చూపితే, వేలి నిండా ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి బూడిద అంటుకుని ఉంది. తర్వాత ఫిల్టర్ లోపల బల్బు వెలిగించి పెట్టాడు. కాగితపు మడతల మధ్య మూడు చోట్ల సూదిమొనంత వెలుగు కనిపించింది.

లారీ టైర్లకు 100 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) పైగా గాలి పట్టే గొట్టాన్ని, 30, 40 పీఎస్‌ఐకి మించి తట్టుకోలేని కాగితానికి ఆనించి కొడితే చిల్లులు పడక ఏమవుతుంది? బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి మరింత దిగుతుంది. నేలకేసి కొట్టి దులిపే క్లీనర్లూ ఉన్నారు. అలా సొట్టపడిన అంచు ఫిల్టర్ డబ్బాలో సరిగా కూర్చోదు. బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి కనుక, ఆ సందుల్లోంచి పోయినదంతా ఉప్పుకాగితంలా ఇంజన్‌లోని పిస్టన్ రింగులనూ సిలిండర్ లైనర్లనూ అరగదీస్తుంది.

పెద్ద ఫిల్టర్ లోపల రెండోదిగా ఉండే సేఫ్టీ ఫిల్టర్‌కైతే అసలు గాలి కొట్టకూడదు, మార్చవలసిందే. కొత్తది వేసేటప్పుడు డబ్బాను తడిగుడ్డతో తుడిచి, గొట్టం క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. ఫిల్టర్ మూసుకుపోయిందని చూపే ఇండికేటర్ ఉన్న బండ్లలో అది ఎర్రగా మారకముందే మాటిమాటికీ డబ్బా తెరవడం కూడా మంచిది కాదు, తెరిచిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపల పడుతుంది.

కంపెనీ ఇచ్చే పుస్తకాన్ని మనలో చదివేవారు తక్కువ. కాబట్టి లారీ యజమానుల, మెకానిక్‌ల సంఘాలు ఈ నాలుగు మాటలను తెలుగులో బోర్డులుగా రాయించి, ఆటోనగర్‌లో గాలి కొట్టే షాపుల దగ్గర పెట్టించాలని కోరుతున్నాను. నా లారీ ఫిల్టర్ డబ్బా మీద ఇప్పుడు మార్చిన తేదీ, కిలోమీటర్లు పెయింటుతో రాయిస్తున్నాను.

- ఒక లారీ యజమాని, విజయవాడ