కోరంగి పక్షులు ఏం తింటున్నాయో చూడండి

సంపాదకులకు నమస్కారం.

కాకినాడ దగ్గరి కోరంగి అభయారణ్యంలో పక్షుల లెక్కింపు గురించి పది రోజుల క్రితం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. నీటి నమూనాల్లో పాదరసం పరిమితి దాటలేదు కాబట్టి పక్షులకు భయం లేదని అందులో ఒక అధికారి అన్నారు. నీళ్లు చూసి పక్షి ఆరోగ్యం తేల్చేస్తారా? దాని ఒంట్లోకి పాదరసం వచ్చేది ముఖ్యంగా తిండితో. మడ అడవి బురదలో గాలి ఆడనిచోట సూక్ష్మజీవులు దాన్ని ఒంట్లో తేలిగ్గా చేరే విషరూపమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు వెళ్లేకొద్దీ అది పేరుకుంటూ, నీటిలో ఉన్నదానికి లక్షల రెట్లు అవుతుంది. అందుకే బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకికీ, చేపలు పట్టే నీటికాకికీ ఒకే లెక్క కుదరదు.

తెల్లవారుజామున కాకినాడ రేవుకు వెళ్లి చూడండి. మరపడవల వాళ్లు వలలు దులిపి పనికిరాని చేపలు పారేయగానే సముద్రపు పక్షులు మూగుతాయి. మొన్న ఒకటి నా ఎదుటే జానెడు పొడవున్న, గుడ్లు పొడుచుకొచ్చిన నల్లచేపను తలవైపు నుంచి మింగలేక అవస్థ పడింది. అలాంటి లోతునీటి చేపను ఆ పక్షి తనంతట తాను ఎన్నడూ పట్టలేదు. ఆ లోతుల్లో తిరిగే చేపల్లో పాదరసం తరచుగా ఎక్కువ. అంటే మన వలలే దానికి ఆ తిండి పెడుతున్నాయి.

దీనిమీద అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, చేపల సంగతి తమది కాదన్నారు. రెండో చోట పక్షుల సంగతి తమది కాదన్నారు. బోర్డులకు రంగులు మాత్రం ఏటా వేయిస్తారు. 1978లో అభయారణ్యమని ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్లలో పక్షి ఏం మింగుతోందో చూసే బాధ్యత ఎవరిదో చెప్పేవారే లేరు. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. జపాన్‌లోని ఆ మినమాటాలో 1956లో మనుషులకు పాదరసం వల్ల వచ్చిన జబ్బు బయటపడకముందే చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్లు గెంతాయి, కాకులు నేలరాలాయి. మన కాకినాడ పడవల్లో వచ్చిన వంజరమే నా మనవరాలి కంచంలోకీ వస్తోంది.

పరీక్షకు పక్షిని చంపనక్కరలేదు. ఈక పెరిగేటప్పుడు రక్తంలోని పాదరసం అందులో చేరి అలాగే ఉండిపోతుంది. వలస పక్షుల ఈకలు ఎక్కడ పెరిగాయో తెలియదు కనుక, ఏడాదంతా ఇక్కడే ఉండే నీటికాకుల ఈకలు ఏరాలి. వచ్చే జనవరి లెక్కింపుకు బైనాక్యులర్లతో పాటు కాగితపు కవర్లు కూడా తీసుకెళ్లమని మీరైనా రాయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తాళ్లరేవు