త్రో-ఇన్ దగ్గర 2 మీటర్ల దూరం

పర్లాకిమిడి ఫుట్‌బాల్ మిత్రులందరికీ నమస్కారం.

ఆదివారం ఉదయం 6 గంటలకు మ్యాచ్. అరగంట ముందే మైదానానికి రండి. మంచినీళ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. అవతలి జట్టు త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో మళ్లీ మైదానంలోకి విసరడం) వేసేటప్పుడు, బంతి విసిరే చోటికి కనీసం 2 మీటర్ల దూరంలో నిలబడండి. అంతకంటే దగ్గరికి వెళ్లి విసిరేవారిని అడ్డుకుంటే ఫుట్‌బాల్ 15వ నిబంధన ప్రకారం పసుపు కార్డు చూపిస్తారు. అప్పటికే బంతి విసిరేసి ఉంటే వారికి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (బంతి మరో ఆటగాడికి తగిలాకే గోలు చెల్లే ఫ్రీ కిక్) కూడా దక్కుతుంది. గోలు దగ్గరైతే అది మనకు పెద్ద ప్రమాదం!

మనవాళ్లకు ఎవరైనా అడ్డు నిలిస్తే తోయవద్దు, వాదించవద్దు. రిఫరీకి చెప్పండి చాలు.

జట్టులోని ఒడియా మిత్రులకు ఇదంతా ఫోనులో వివరించండి, దయచేసి.

వస్తున్నదీ లేనిదీ శనివారం రాత్రిలోగా ఇక్కడే తెలపండి.