ఆ టైమూ ఈ టైమూ ఒకటి కాదు

సంపాదకులకు,

2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో మన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను (అడ్డంకుల పరుగు) 12.96 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. జిల్లా మీట్‌లో అమ్మాయిల టైమును ఆ అంకె పక్కన పెట్టి చూస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అక్కడ ఎలక్ట్రానిక్ టైమింగ్, ఇక్కడ స్టాప్‌వాచీ. చేతి టైముకు 0.24 కలిపితేగానీ పోలిక కుదరదు. 14.1 అంటే 14.34 అన్నమాట. ముగింపు గీత దగ్గర వాచీ పట్టుకున్నవాళ్లు, పరుగు మొదలుపెట్టే పిస్టల్ పొగ చూసి నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, అది 100 మీటర్లు దాటి వచ్చేసరికి దాదాపు 0.3 సెకను పోతుంది. అమ్మాయికి ఉత్తపుణ్యానికి వచ్చిన లాభం! వెనుకగాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైము రికార్డుకు పనికిరాదు.

అంతకన్నా ముఖ్యం హర్డిల్ పెట్టే తీరు. మహిళలకు ఎత్తు 83.8 సెం.మీ., అండర్-18 అమ్మాయిలకు 76.2. మొదటిది 13 మీటర్ల దగ్గర, ఆపైన 8.5 మీటర్లకొకటి, మొత్తం పది. హర్డిల్ అడుగున ఉండే కాళ్లు రన్నర్ వచ్చే వైపు ఉండాలి. తిప్పి పెడితే కాలు తగిలినప్పుడు హర్డిల్ పడదు, అమ్మాయి పడుతుంది. ఎత్తు మార్చినప్పుడల్లా అడుగున ఉన్న బరువులనూ జరపాలి. పైపట్టీ మధ్యలో 3.6 నుంచి 4 కిలోల బలం పడితే ఒరగాలి. విజయవాడ, గుంటూరు మీట్ల నిర్వాహకులు పోటీకి ముందు స్ప్రింగ్ త్రాసుతో లాగి చూస్తే తేలిపోతుంది.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు