లెడ్యార్డ్ ఇంటికి రాసిన ఉత్తరాలకూ చోటివ్వండి

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అధిపతి గారికి,
నమస్కారం.

మీ సంస్థ ఉచితంగా అందిస్తున్న ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో 1787 జులై 29 నాటి ఉత్తరం ఒకటుంది. సైబీరియాలోని బర్నౌల్ నుంచి జాన్ లెడ్యార్డ్ అనే అమెరికన్ బాటసారి, అప్పట్లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్‌కు రాసింది. ఇక్కడి తాతార్ జనాలకూ మన అమెరికా ఆదివాసులకూ ఉన్న పోలిక మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నా చెప్పలేనేమో, వాళ్లంతా ఒకటే జనం, మధ్యలో చిన్న సముద్రం అడ్డొచ్చింది అంతే అంటాడు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే లెక్క లేదు.

కనెక్టికట్‌లోని గ్రోటన్‌లో పుట్టిన మనిషి. డార్ట్‌మత్ కాలేజీలో చదువు మధ్యలో వదిలేసి, పైన్ చెట్టును దోనెగా తొలిచి, నది మీద హార్ట్‌ఫర్డ్ వెళ్లిపోయాడు. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ మూడో సముద్ర యాత్రలో పనిచేశాడు. ఆ తర్వాత రష్యా అంతా దాటి, పసిఫిక్ మీదుగా అమెరికా పడమటి తీరం చేరి, అక్కడి నుంచి తూర్పుకు నడిచి రావాలనుకున్నాడు. ఆ అమెరికా నడకకు సిద్ధం చేసుకున్న సామాను రెండు కుక్కలు, ఒక పైపు, ఒక గొడ్డలి! స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న బోత్నియా అఖాతం గడ్డకట్టక, మంచు మీద దాటే వీల్లేక, నడి చలికాలంలో దాని చుట్టూ తిరిగి పీటర్స్‌బర్గ్ చేరాడు. యాకుత్స్క్ దాకా వెళ్లాడు. 1788లో రష్యా మహారాణి కేథరిన్ మనుషులు ఇర్కుత్స్క్‌లో పట్టుకుని, పోలండ్ సరిహద్దు దాకా తెచ్చి వదిలేశారు. 1789 జనవరిలో కైరోలో చనిపోయాడు. 37 ఏళ్లు.

జెఫర్సన్‌కు రాసినవి మాకు ఇంట్లో కూర్చుంటే దొరుకుతున్నాయి, సంతోషం. మరి తల్లికి, బంధువు ఐజాక్ లెడ్యార్డ్‌కు రాసినవి? ఆ సైట్ దేశ నిర్మాతల ఉత్తరాలకే పరిమితం కాబట్టి వాటికి అక్కడ చోటు లేదు. సాయం చేయగల పెద్దమనిషికి రాసేటప్పుడు ఎవరైనా కాస్త సర్దుకునే రాస్తారు. ఇంటికి రాసేటప్పుడు మనసు విప్పుతారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా నాన్న పంపిన నీలం ఏరోగ్రాములు ఇంకా బీరువాలో ఉన్నాయి. మడత అంచున మిగిలిన బెత్తెడు జాగాలో అమ్మ రెండు ముక్కలు ఇరికించేది. ఇప్పటికీ ముందు ఆ రెండు ముక్కలే చదువుకుంటాను.

మా వీరాస్వామయ్య గారు 1830-31లో కాశీ యాత్ర చేస్తూ రాసి పంపిన సంగతులు మద్రాసు మిత్రుడు శ్రీనివాస పిళ్లె దాచి, 1838లో అచ్చు వేయించబట్టే మాకు దక్కాయి. లెడ్యార్డ్ ఉత్తరాల్లో కొన్ని భాగాలను చరిత్రకారుడు జేరెడ్ స్పార్క్స్ 1828లోనే అచ్చు వేశారు. కానీ ఆయన చేతిలో పడ్డ మాట ఉన్నదున్నట్టు ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. జార్జ్ వాషింగ్టన్ ఉత్తరాలు అచ్చు వేసినప్పుడు, వాషింగ్టన్ 'ఓల్డ్ పుట్' అని చనువుగా రాసిన చోట స్పార్క్స్ 'జనరల్ పుట్నమ్' అని మార్చేశారని ఆయన బతికుండగానే గొడవ జరిగింది. అందుకే అచ్చు పాఠం పక్కనే చేతిరాత ఫొటో కూడా పెట్టమని అడుగుతున్నాను.

చారిత్రక పత్రాల ప్రచురణకు గ్రాంట్లు ఇచ్చే జాతీయ కమిషన్‌కు అధ్యక్షులు మీరే. లెడ్యార్డ్‌వి మిగిలిన ఉత్తరాలన్నీ ఎక్కడున్నా ఒకచోటికి చేర్చే పనికి గ్రాంటు ఇప్పించండి. ఎడమవైపు ఆయన చేతిరాత, కుడివైపు స్పెల్లింగు దిద్దని పాఠం, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా. ముందు ఐజాక్‌కు రాసినవాటితో మొదలుపెట్టించండి.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు పాఠకురాలు